పన్నుల కాగితమును, వోటర్ల పట్టికయు



పూర్వము మన చెన్నరాజధానియందు వోటుహక్కు అందఱికిని లేదు. 1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టము ననుసరించి పన్ను చెల్లించినవారికో, ఆస్తి గలవారికో, చదువను వ్రాయను నేర్చినవారికో అది సంక్రమించెడిది. కూలినాలి చేసికొని బ్రదుకువారు పలువురు పట్టికకు వెలుపలనే నిలిచిపోయిరి. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఆ అడ్డుగోడను తొలగించి, వయోజనులకెల్లను వోటు నొసగెను.

ఇప్పుడు నేను నివసించు కెనడా దేశమున పన్నునకును వోటునకును వేఱొక విధమగు సంబంధము కలదు. ఇచ్చట ఏటేట ఆదాయపు లెక్కను సామాన్యముగా ఏప్రిల్ 30వ తేదీలోగా దాఖలు చేయుదురు. ఆ కాగితమున రెండు ప్రశ్నలు గలవు. మీరు కెనడా పౌరులా యనునది మొదటిది. మీ పేరు, చిరునామా, పుట్టినతేదీ, పౌరసత్వము ఎన్నికల శాఖకు తెలుపుటకు సమ్మతింతురా యనునది రెండవది. రెంటికిని ‘అవును’ అని గుర్తు పెట్టినచో, 18 ఏండ్లు నిండిన పౌరుని పేరు జాతీయ వోటర్ల పట్టికలో చేరుటయో, పాత చిరునామా సవరింపబడుటయో జరుగును.

వెనుక ఎన్నిక వచ్చినపుడెల్ల ఉద్యోగులు ఇల్లిల్లు తిరిగి పేర్లు వ్రాసికొనెడివారు. 1997లో కడపటిసారి అట్లు తిరిగి, శాశ్వతమగు పట్టిక నేర్పఱచిరి. జనులు ఇండ్లు మాఱుచునే యుందురు గనుక పట్టిక పాతబడక తప్పదు. అందుకే పన్నుల కాగితము తోడయ్యెను.

నా పొరపాటును చెప్పెదను. ఇల్లు మాఱిన యేడు నేను రెండవ ప్రశ్నకు ‘కాదు’ అని గుర్తు పెట్టితిని. నా రాబడి నలుగురికి తెలియునేమో యని సంకోచించితిని. ఎన్నికలు వచ్చినవి. నా పేరిటి వోటరు కార్డు పాత ఇంటికి పోయినది. పోలింగునాడు గుర్తింపును, చిరునామాను రుజువు పఱచు కాగితములు చేతబట్టుకొని, కేంద్రమునందే నమోదు చేయించుకొని వోటు వేసితిని. హక్కు పోలేదు, శ్రమ మాత్రము తప్పలేదు. విచారింపగా, రాబడి సంగతి ఎన్నికల శాఖకు చేరనే చేరదని తెలిసినది. పట్టికలోని పేరును చిరునామాయును మాత్రము చట్టానుసారముగా అభ్యర్థులకును, రాజకీయ పక్షములకును అందును. ఇదియు నెఱిగియే సమ్మతి నీయవలెను.

మనవారికి మఱియొక హెచ్చరిక. శాశ్వత నివాసానుమతిపై వచ్చినవారు పన్ను కట్టినను పౌరులు కారు. వారికి వోటు లేదు. వారు మొదటి ప్రశ్నకు ‘కాదు’ అనియే వ్రాయవలెను. పౌరుడైనవాడు పైసా పన్ను బాకీ లేకున్నను లెక్క దాఖలు చేసి, సమ్మతి తెలుపవచ్చును. నాటి పన్ను వోటునకు షరతు. నేటి పన్నుల కాగితము వార్త మోసికొనిపోవు జవాను మాత్రమే.

ఈ దేశమునందే బ్రిటిషు కొలంబియా రాష్ట్రము 1907లో భారతీయుల వోటును తీసివైచినది. 1947లో గాని అది తిరిగి రాలేదు. నలువది యేండ్లు పోరాడి సంపాదించినదానిని ఒక గడిలో గుర్తు పెట్టుటకు బద్ధకించి ఏల చిక్కుల పాలు చేసికొనవలెను? ఈ యేడు లెక్క వ్రాయునపుడు ఆ రెండు ప్రశ్నలకడ ఒక్క నిమిషము నిలువుడని మనవి చేయుచు సెలవు గైకొనుచున్నాను.