అర్థం తెలిసి చదువుదాం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువులకు సాయం గురించీ, పేదింటి పెళ్లిళ్ల గురించీ ఇంతవరకూ చెప్పుకున్నాం. అవి కావలసినవే. ఇప్పుడు మన జమాఖర్చుల పుస్తకంలోకి ఎక్కని ఒక లోటును గురించి మనవి చేయదలిచాం.

మనలో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తెలుగు. మసీదులో బయాను ఉర్దూ, ఖుర్ఆన్ పారాయణం అరబ్బీ. చిన్నప్పుడు హజ్రత్‌గారి దగ్గర అలిఫ్, బే దిద్దుకుని, నాజిరా ముగించి, మిఠాయి పంచుకున్నాం. ఆ తరువాత గ్రంథాన్ని జుజ్‌దాన్‌లో చుట్టి ఎత్తయిన చోట భద్రంగా పెట్టుకున్నాం. గౌరవానికి లోటు లేదు, పరిచయానికే లోటు. గుండె నిండా దుఃఖం వున్న రోజున కూడా మన నోటివెంట వచ్చే మాటకు అర్థమేమిటో మనకు తెలియటం లేదు.

సూరయె ఫాతిహానే తీసుకుందాం. వున్నవి 7 ఆయతులు. రోజుకు ఫర్జ్ నమాజులే 17 రకాతులు. అంటే ఏడాదికి ఆరువేల సార్లకు పైగా ఈ సూరా సన్నిధిలో నిలబడుతున్నాం. ఇందులో మొదట దేవుణ్ణి "ఆయన" అన్నట్టుగా స్తుతిస్తాం. సగంలో మాట మారిపోతుంది. ఎదురుగా వున్నవారితో మాట్లాడినట్టు "నీవు" అని సంబోధిస్తాం. దూరంగా నిలబడి పొగిడినవాడు దగ్గరకు వెళ్లి చెప్పుకున్నట్టు! అర్థం తెలియనివాడు ఈ మలుపు దాటిపోయినా గుర్తించలేడు. ఇంకొక సంగతి. అక్కడ "నేను" లేదు, "మేము" వుంది. ఒంటరిగా ఇంట్లో నమాజు చేసే ముసలితల్లి కూడా అందరి తరఫునా అడుగుతున్నదన్నమాట.

రెండో సూరాలో రోజా నియమాలు 183వ ఆయతు దగ్గర మొదలై 187 దాకా వున్నాయి. ఆ నియమాల మధ్యన 186వ ఆయతులో దేవుడు తన సామీప్యాన్ని గురించి చెబుతాడు. ఖుర్ఆన్‌లో జనం అడిగిన ప్రశ్నలకు సాధారణంగా "ఇలా చెప్పు" అని ప్రవక్త (స) వారికి ఆదేశం వస్తుంది. ఇక్కడ ఆ మాట లేదు. దాసుడికీ దేవుడికీ మధ్య ఎవరూ లేనట్టు, జవాబు సూటిగా వచ్చింది. రోజా అంటే ఆకలి ఒక్కటే కాదని దీనివల్ల తెలుస్తుంది.

"అర్థం తెలుసుకోవాలంటే ఉర్దూ వుందిగా, తెలుగెందుకు?" అనే పెద్దలున్నారు. వారికి వినయంగా ఒక మాట. 18వ శతాబ్దంలో ఢిల్లీలో షా వలీయుల్లాగారు ఖుర్ఆన్‌ను ఫారసీలోకి తెచ్చారు. జనం భాష ఉర్దూ అయ్యేసరికి ఆయన కుమారుడు షా అబ్దుల్ ఖాదిర్‌గారు 1790 ప్రాంతంలో ఉర్దూలోకి తెచ్చారు. తండ్రి చేసింది చాలని కొడుకు వూరుకోలేదు. తెలుగులో ఆ పనికి మొదట పూనుకున్నవారు చిలుకూరి నారాయణరావు పంతులుగారు. ఆయన ముస్లిం కారు. అటుపైన మనవారూ అనువదించారు. అనువాదం ఖుర్ఆన్ కాదు, నమాజు అరబ్బీలోనే. కానీ వాకిలి తెలిస్తేనే గదా లోపలికి వెళ్లేది!

అంచేత మా సూచన ఇది. వారానికి ఒక రాత్రి, ఇషా తరువాత అరగంట. మూడు ఆయతులు చాలు. ముందు అరబ్బీ, ఆపైన తెలుగు అర్థం, సందేహం వస్తే ఆలిములను అడగటం. చదువురానివారు వింటారు. ఆడవారికి విడిగా ఒక ఇంట్లో ఏర్పాటు చేయాలి. ఏలూరు తివాచీ ముడి తరువాత ముడిగా తయారవుతుంది, తొందరపడితే నేత చెడుతుంది.

తమ్మిలేరు, బుడమేరు నీరు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి పంపిస్తుంది. అందువల్లనే కొల్లేరు బతుకుతోంది. చదివిందీ అలాగే పారాలి. ఇరుగుపొరుగుతో మంచిగా, తూకంలో నిజాయితీగా, అప్పుపడినవాడిపట్ల దయగా బయటికి రావాలి.

అల్లాహ్ మనందరికీ తన వాక్యాన్ని గ్రహించే మనసునూ, దాని ప్రకారం నడిచే శక్తినీ ప్రసాదించుగాక. ఆమీన్.