తాళం తీయగలవాని ధర్మం

పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ నడుమ మాట్లాడేవాడు క్లుప్తంగా ముగించాలన్న సంగతి నాకు తెలియకపోలేదు.

మన పిల్లలు చాలామంది యిప్పుడు కంప్యూటర్ల భద్రత అనే ఉద్యోగంలో ఉన్నారు. అదేం పనండీ అని అడిగితే, దొంగలు జొరబడకుండా కాపలా కాయడమని తండ్రులు చెపుతారు. అది సగం మాట. కాపలా కాయాలంటే దొంగ ఏ దారిన వస్తాడో ముందు తాను నేర్వాలి. తాళాలు బాగుచేసేవానికి ఊళ్ళో ఏ తలుపయినా తీయడం వచ్చును గదా! ఆ వచ్చిన విద్యతో ఏం చేస్తాడన్నదే ప్రశ్న.

2008లో అమెరికాలో డాన్ కామిన్‌స్కీ అనే ఆయనకు అటువంటి ప్రశ్నే ఎదురయింది. మనం బ్యాంకు పేరు టైపు చేస్తే, ఆ పేరుకు సరిపోయే అంకెల చిరునామాను వెతికి యిచ్చే ఏర్పాటు ఒకటున్నది. దాని పేరు డి.ఎన్.ఎస్. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒక గుర్తు సంఖ్య ఉంటుంది; ఆ సంఖ్యలు మొత్తం 65,536 మాత్రమే. అసలు జవాబు చేరేలోపున, అదే సంఖ్య వేసి దొంగ జవాబు పంపితే యంత్రం దానినే నమ్ముతుంది. లేని పేర్లను వరుసగా అడిగిస్తూ పోతే, దొంగకు ఊహించే అవకాశాలు ఎన్నయినా దొరుకుతాయనీ, చివరకు ఆ సంస్థ పేరునే కాజేయవచ్చుననీ కామిన్‌స్కీ కనిపెట్టాడు. మీరు బ్యాంకు వాకిట్లో ఉన్నామనుకొంటారు. ఉన్నది దొంగ యింట్లో!

దానిని అమ్ముకొంటే ధనం, చాటుకొంటే కీర్తి. ఆయన రెండూ చేయలేదు. ముందు పెద్దలకు చెప్పాడు. మార్చి 31న రెడ్‌మండులో మైక్రోసాఫ్టువారి ఆవరణలో 16 మంది సమావేశమయారు. వ్యాపారంలో పోటీదారులైనవారే నోరు కుట్టుకొని పనిచేసి, జులై 8న అందరూ ఒకే రోజున మరమ్మతు విడుదల చేశారు. గుర్తు సంఖ్యతో పాటు ప్రశ్న బయలుదేరే ద్వారాన్ని కూడా మార్చుతూ పోవడమే ఆ మరమ్మతు.

అయితే, కారణం చెప్పకుండా మందు మింగమంటే ఎట్లా అని కొందరు నిపుణులు తప్పుపట్టారు. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు. రెండు వారాలు తిరక్కుండానే గుట్టు బయటపడింది కూడాను. అయినా ఆ కొద్ది రోజుల గడువే ఎన్నో సంస్థలను కాపాడిందని నా అభిప్రాయం.

దీనికి ఎదురుగా మరొకటి వినండి. 2016లో ఊబర్ కంపెనీ నుంచి 5 కోట్ల 70 లక్షలమంది వివరాలు దొంగల చేజిక్కాయి. భద్రతాధికారి జో సల్లివన్. ఆయన పూర్వం కంప్యూటరు నేరాలను విచారించిన ప్రభుత్వ న్యాయవాది కూడాను! లోపాలు చూపినవారికి కంపెనీ యిచ్చే బహుమానం పద్దు కింద దొంగలకు లక్ష డాలర్లు ముట్టాయి. సమాచారమేదీ తీసుకోలేదని వారిచేత కాగితం రాయించుకొన్నారు. అప్పటికే ఆ కంపెనీ మీద పాత దొంగతనం తాలూకు ప్రభుత్వ విచారణ నడుస్తున్నది. ఆయనను 2022లో జ్యూరీ దోషి అన్నది. 2023లో మూడేళ్ళ ప్రొబేషను విధించారు. పద్దు పేరు మార్చినంత మాత్రాన లంచం బహుమానమవుతుందా?

మన దేశపు సంగతి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను ప్రకారం, యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో ప్రవేశించినవాడు నష్టపరిహారానికి బాధ్యుడు. దుర్బుద్ధితో చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు. "లోపం చూపిద్దామనే వెళ్ళానండీ" అన్నంత మాత్రాన సరిపోదు. ముందుగా వ్రాతమూలకమైన అనుమతి కావాలి. ఎవరి లోపమైనా యాదృచ్ఛికంగా కంటబడితే సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థకు తెలుపవచ్చును. దొంగతనం జరిగినట్లు తెలిసిన ఆరు గంటలలోగా సంస్థలు తమకు చెప్పాలని వారు 2022లో ఉత్తరువు చేశారు.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. ఏదో ఒక రాత్రి మీ అమ్మాయి అన్నం ముందు కూర్చుని, "నాన్నా, రిపోర్టులోంచి ఆ పేరా తీసేయమంటున్నారు" అంటుంది. "నీకెందుకమ్మా, జీతం వస్తున్నది గదా" అని మాత్రం అనకండి. ఆ పేరాలో ఏమున్నదో అడగండి.