తెల్లని జంతువు



పశువును కొనునపుడు మనము పండ్లు చూతుము, సుడులు చూతుము. దాని మనస్సును చూడము. అమెరికా రచయిత లారీ నివెన్ 1966లో ప్రకటించిన ‘వరల్డ్ ఆఫ్ టావ్స్’ అను నవలను చదువునపుడు నాకీ మాట తోచినది.

ఆ కల్పనలో, నూరుకోట్ల యేండ్లకు పైబడిన పూర్వకాలమున, థ్రింట్లు అను ఒంటికన్ను జాతి నక్షత్రలోకముల నేలుచుండెను. వారు మనస్సుతో నాజ్ఞాపించినచో నెట్టి ప్రాణియైనను లోబడవలసినదే. బుద్ధి మాత్రము స్వల్పము. కావున త్నక్టిపన్లు అను దాసులచేతనే సమస్తమును చేయించుకొనిరి. ఆ దాసులు బీజములోని వంశలక్షణములనే మార్చి, మ్రానులో ఇంధనము నిండి ఆకాశమున కెగయు వృక్షములను, ఎండను అద్దమువలె మరల్చి శత్రువును దహించు పూవులను సృజించిరి.

ప్రభువుల భోజనమునకై కొండంత తెల్లని జంతువును గూడ చేసియిచ్చిరి. మాంసము రుచికరము, మేపుట సులభము. దొరలు సంతోషించిరి. కాని ఆ జంతువునకు బుద్ధి కలదు. దొరల మనశ్శక్తి దానిపై పారదు. అది వేగు! వంశలక్షణములను మోయు తంతువులు దానికి వ్రేలంత లావు. కావున తరములు గడచినను అది మారదు. విందులకు బలియగుచునే రహస్యమును దాచెను. స్వేచ్ఛను కోరిన దాసులే తెలివిగల ప్రాణిని తినుటకై పుట్టించిరి. దాని సమ్మతి నెవ్వ రడిగిరి?

తుదకు తిరుగుబాటు చెలరేగినది. ఓడనున్న థ్రింట్లు, బుద్ధిగల ప్రాణులన్నియు చావవలెనని లోకములన్నిటికి నాజ్ఞ పంపిరి. త్నక్టిపన్లు నశించిరి. ఆ యాజ్ఞ సోకని తెల్లని జంతువు మాత్రము మేయుచునే యుండెను.