పాత ప్లేయరు, పాత గొంతు
(సంఘ వార్షిక సభలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



మా అమ్మాయి పెళ్లి డీవీడీలో మా ఆవిడ మాట్లాడిన నాలుగు మాటలున్నాయి. ఆమె పోయాక ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ఇంట్లో ప్లేయరు చూస్తే పాడై ఏళ్లయింది. అందుకే పాత సామాన్ల వేటలో పడ్డాను.

మొదట దెబ్బతిన్నాను. అమెరికా నుంచి వచ్చిన రిసీవరు మూడు వేలకే దొరికిందని సంబరపడి ప్లగ్గు పెట్టాను. అది 120 వోల్టులది, మన కరెంటు 230. పొగ వచ్చింది. కనుక వెనక రాసిన వోల్టేజి చదవనిదే డబ్బు తీయకండి.

తర్వాత హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో తిరిగి నేర్చుకున్నవి ఇవి. మీ డిస్కు వెంట తీసుకెళ్లి అక్కడే వేయించి చూడండి. ఇంట్లో రాయించుకున్న డిస్కుల్ని అన్ని ప్లేయర్లూ చదవవు. సినిమా డీవీడీలకు ప్రాంతపు అంకె ఉంటుంది: మనది 5, అమెరికాది 1. హెచ్‌డీఎంఐ లేని రిసీవరు చౌక. బొమ్మను ప్లేయరు నుంచి నేరుగా టీవీకి పంపి, ధ్వనిని ఆప్టికల్ వైరుతో రిసీవరుకిస్తే డాల్బీ 5.1 చక్కగా వస్తుంది. స్పీకర్లు ఒక్కొక్కటిగా మోగించి, అరగంట ఆగి వేడి చూడండి.

చివరికి ప్లేయరు కుదిరింది. మనవరాలు అమ్మమ్మ గొంతు మొదటిసారి విన్నది. మర్నాడే ఆ డిస్కును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. డిస్కులు కూడా మనలాగే ముసలివవుతాయి. మీరూ ఆలస్యం చేయకండి.