మన యాహారమునందలి ఖనిజ లవణములు



ఉదయమునుండి పెద్దలు విద్యాభివృద్ధినిగూర్చియు, విద్యార్థి వేతనములనుగూర్చియు సెలవిచ్చిరి. నేను మాటలాడదలచినది వంటయింటి సంగతి. ఇది మహాసభలో ప్రస్తావింపదగినదా యని కొందఱికి సందేహము గలుగవచ్చును. కాని మనలో పెండ్లి సంబంధములు మాటలాడునపుడు రెండు మాటలు తఱచుగా వచ్చుచుండుట మీరెఱుగనిది కాదు. "వారింట వరియన్నమా, సంగటియా?" యనునది మొదటిది. "ఆ యూరివారి పండ్లు గారపట్టి యుండునట గదా!" యనునది రెండవది. మొదటిది ధాన్యములోని ఖనిజములకును, రెండవది నీటిలోని ఖనిజమునకును సంబంధించిన సంగతి. ఈ రెంటియందును మన గౌరవబుద్ధి తప్పుదారిని బడినదని నా యభిప్రాయము.

దేహము దగ్ధమైన పిమ్మట మిగులు భస్మములో నధికభాగము ఖనిజ లవణములే. వానిలో కాల్షియమనెడి సున్నపు ధాతువు పెద్దవాని శరీరమున నించుమించుగా ఒక కిలో యుండును. అందు నూటికి 99 పాళ్లు ఎముకలలోను పండ్లలోను నున్నది. ఇనుమో, మొత్తము నాలుగు గ్రాములకు మించదు. అయినను ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును సర్వాంగములకును మోసికొనిపోవు రక్తము దానినే యాధారము చేసికొని యున్నది. ఈ ధాతువులలో నొకదానినైనను శరీరము తనంతట సృజింపజాలదు. నేలలోనుండి పైరునకును, పైరునుండి పశువునకును, ఆ రెంటినుండి మనకును రావలసినదే.

నీలగిరులయందలి కూనూరులో ఆహారపరిశోధనాలయ మొకటి యుండెడిది. మన ధాన్యములను, ఆకుకూరలను పరీక్షించి డాక్టరు అయ్‌క్రాయిడ్ గారు 1937లో నచటినుండి పట్టికలు ప్రకటించిరి. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ యైనది. పలుమారులు సవరింపబడిన యా పట్టికలనుబట్టి, 100 గ్రాముల రాగులలో కాల్షియము 340 మొదలు 365 మిల్లీగ్రాముల వఱకు గలదు. తెల్లగా మరపట్టిన బియ్యమున నది 10 మిల్లీగ్రాములకు మించదు. ఉలవలలో 270 మొదలు 290 వఱకు నున్నది. అట్టి యుల‌వలను ఎద్దులకు బెట్టి, మనము తెల్లయన్నము దినుచు, ఎద్దునకు బలము మనకంటె నెక్కువ యేల యని యాశ్చర్యపడుచుందుము! నువ్వులలోను, అవిసె యాకులోను వేయి మిల్లీగ్రాముల చేరువనో యంతకు మించియో కలదు. ఇనుము విషయమున సజ్జలు 6 మొదలు 8 మిల్లీగ్రాములు, జొన్నలు సుమారు 4. తెల్లబియ్యము ఒకటికి లోపు.

నేడు చిరుధాన్యములను బొగడువారు వానినన్నిటిని ఒక గాటనే గట్టుచున్నారు. అది సరికాదు. కొఱ్ఱలలోను, జొన్నలలోను కాల్షియము 30 మిల్లీగ్రాములు దాటుట యరుదు. కొఱ్ఱన్నము పీచునకును, ఆకలి నిలుపుటకును మంచిదే గాని, ఎముకల పుష్టికి దానినే నమ్మినచో చాలదు. ఆ విషయమున ధాన్యములలో రాగికి సాటి రాగియే.

మన పెద్దలు వీనిని శాస్త్రము చదివి తినలేదు; వానకురియని నేల వారికి వేఱొకటి యీయలేదు. నంద్యాల రేగడిలో జొన్న పండెను, గరుపనేలలలో కొఱ్ఱయు రాగియు పండెను. కర్నూలు-కడప కాలువ క్రింద వరి పండినపుడు, వరి తినువారు కలిగినవారనియు, సంగటి తినువారు లేనివారనియు నొక భేద మేర్పడెను. పిమ్మట 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చుటతో తెల్లయన్నము బీదయింటికిని వచ్చెను. ఆ పథకమును నేను నిందింపను. కరవుసీమలో పస్తులున్నవాని కది యన్నము పెట్టినది. కాని కడుపు నిండుట వేఱు, రక్తము నిండుట వేఱు. 2019-21 సంవత్సరములందు జరిగిన యయిదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత యున్నదని తేలినది.

ఇచట మన కుటుంబముల మాట దాచక చెప్పవలసియున్నది. జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో నిర్ణయించిన ప్రకారము దినమునకు పురుషునకు 19 మిల్లీగ్రాముల యినుము కావలసియుండగా, స్త్రీకి 29 కావలెను. ఎక్కువ కావలసినవారు మన యిండ్లలో నెప్పుడు భుజింతురు? మగవారును, బిడ్డలును, వచ్చిన చుట్టములును లేచిన తరువాత. అప్పటికి పప్పు గిన్నె యడుగంటును, ఆకుకూర యైపోవును. మిగులునది యన్నమును చారును. కలిగిన యిండ్లలో నిట్లుండదని తలపవలదు. గర్భిణులకు ప్రభుత్వమువారిచ్చు నినుపమాత్రలను, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని యత్తగారు గూటిలో దాచిపెట్టుట నేను కన్నులార చూచినాను. అట్టి భయమునకు ఆధారము లేదు. మాత్రవలన మలము నల్లబడును, ఒకప్పుడు కడుపులో వికారము గలుగును, అంతే. రక్తహీనత ముదిరినచోట సంగటిముద్ద మాత్రకు బదులు కానేరదు.

ధాన్యములో నున్న యినుమంతయు మన రక్తమున జేరదు. గింజలయందలి ఫైటికామ్లము దానిని పట్టి యుంచును. గింజలను నానబెట్టి మొలకెత్తించినను, పిండిని రాత్రి పులియబెట్టి యంబలి కాచినను ఆ పట్టు సడలును. పూర్వము ప్రతి యింట పులిసిన యంబలి యుండెడిది. నేడు దాని స్థానమున తేనీరు వచ్చినది. భోజనముతో ద్రాగు తేనీరు ఇనుమును మఱింత యడ్డగించును; నిమ్మరసమో, ఉసిరికాయయో దానికి తోడ్పడును. ఇనుపమూకుటిలో పులుసు గాచినచో కొంత యినుము కూరలోనికి దిగును. అల్యూమినియపు పాత్రలు వచ్చి మూకుడు అటుకెక్కినది.

ఇక రెండవ మాట. ఖనిజములు తక్కువయినను కీడే, ఎక్కువయినను కీడే. మనకు తూర్పుసరిహద్దుననున్న నాటి నెల్లూరు జిల్లాలో నడుము వంగక, మెడ తిరుగక బాధపడు జనులను పరీక్షించి, షార్ట్, పండిట్, రాఘవాచారి గారలు 1937లో దానికి కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడని ప్రకటించిరి. భారతదేశమున మనుష్యులలో నీ వ్యాధిని స్థాపించిన తొలి పరిశోధన లలో నిది ముఖ్యమైనది. ఫ్లోరైడు నల్లఱాతి నేలలలోని రాళ్లనుండి నీటిలో గరగును. వాన తక్కువైనచోట, నీటిలో సున్నము తక్కువైనచోట నది హెచ్చును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటరాదని నియమము. బావు లెండి లోతైన బోరులు వేసిన కొలదిని ఈ ముప్పు మనకు దగ్గఱయైనది.

పండ్లమీది యా మచ్చలు గార కాదు. తోమినంత మాత్రమున పోవు. చిన్నతనమున పండ్లు లోపల గట్టిపడుచుండగా త్రాగిన నీరే యట్లు చేసినది. అది వంశమున దిగు రోగము కాదు. ఆ యూరి పిల్ల మీ యింటికి వచ్చి మంచినీరు త్రాగినచో, ఆమె బిడ్డలకు తెల్లని పలువరుసయే వచ్చును. ఈ యొక్క సంగతి తెలియకపోవుటచేత నెన్ని సంబంధములు చెడిపోయినవో పెద్దలకు విదితము. నీరు కాచినచో ఫ్లోరైడు పోదు, సరిగదా చిక్కబడును. పటికయు సున్నమును గలిపి తేర్చు నల్లగొండ పద్ధతి కలదు. నేడు యంత్రములతో శుద్ధి చేయుటయు గలదు, కాని యట్టి నీటిలో సున్నపు ధాతువును పోవును గనుక రాగియు, పాలును, మజ్జిగయు విడువరాదు. నల్లగొండ ప్రాంతమున 1970 దశకమున బిడ్డల మోకాళ్లు లోనికి వంగుట చూచి హైదరాబాదు శాస్త్రజ్ఞులు పరిశీలింపగా, ఫ్లోరైడు నీరును, జొన్నయే ముఖ్యాహారమగుటయు గలిసినచోట నది ప్రబలినట్లు కనుగొనిరి. కావున జొన్న తిను మన పల్లెలలో నీటిపరీక్ష మఱింత యవసరము.

ఉప్పునుగూర్చి యొక్కమాట. అయొడిను చేర్చిన యుప్పునే వాడుడు, మూతపెట్టి యుంచుడు. ఊరగాయలమీద మక్కువ కొంచెము తగ్గించుకొనుడు. రక్తపుపోటు మనలో తక్కువగా లేదు.

నేను మూడు విషయములను సభవారి యెదుట నుంచుచున్నాను. మన సంఘ వసతిగృహమున వారమునకు మూడు పూటలైనను రాగిసంగటియు, ఆకుకూరపప్పును వడ్డింపవలెను. సభ్యులు తమతమ గ్రామములలోని త్రాగునీటిని ప్రభుత్వ పరీక్షాశాలకు పంపి, వచ్చిన లెక్కను వచ్చే సంవత్సరపు సంచికలో గ్రామమువారీగా ప్రకటింపవలెను. పోషకులు తమ విరాళములలో కొంత నందుకై కేటాయింపవలెను. మూడవది, రేపటి మహాసభాభోజనమున స్త్రీలకు మొదటి పంక్తి వేయవలెను. వంటవారితో నేనిప్పటికే మాటలాడితిని. రాగిపిండి సిద్ధముగా నున్నది, పెద్దల యనుమతియే కావలసియున్నది.