మా జిప్సీకి హార్డ్ టాప్ వేయించాం: ఏం చేశాం, ఎక్కడ తప్పు చేశాం

ఉయ్యూరు నుంచి మళ్లీ వచ్చేశా. పోయిన ఎపిసోడ్‌లో వెనకాల మా జిప్సీ కనిపించింది కదా, దాని టాప్ గురించి చాలామంది అడిగారు. ఇవాళ అదే మాట్లాడుకుందాం. బండి చూపించి గొప్పలు చెప్పుకోడానికి కాదండి, మేం చేసిన తప్పులు మీరు చెయ్యకూడదని.

ముందు ఎందుకు వేయించామో చెప్తా. మా నాన్నకి డయాలసిస్. వారానికి మూడుసార్లు బెజవాడ వెళ్లాలి. ఇంట్లో ఉన్నది ఈ పాత జిప్సీ ఒక్కటే, అదీ క్యాన్వాస్ టాప్‌ది. ఎండాకాలం ఎలాగోలా లాగించాం. వానాకాలంలో ఒకరోజు కంకిపాడు దాటాక జల్లు పట్టుకుంది. పక్క కర్టెన్ జిప్పు ఊడిపోయి, ఆయన చెయ్యి మొత్తం తడిసిపోయింది. ఫిస్ట్యులా ఉన్న చెయ్యి అది. కండువా చుట్టుకుని ఆసుపత్రి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే డిసైడ్ అయిపోయా.

బండి అమ్మేసి మామూలు కారు కొనొచ్చుగా అంటారు. అమ్మ కూడా అదే అంది. నాన్న ఒప్పుకోలేదు. ఆయనకి ఓపెన్ జీపంటే ప్రాణం. అందుకే బోల్టులు విప్పితే ఊడొచ్చే టాప్ కావాలి, వెల్డింగ్ పెట్టి అతికించేది కాదు.

ఇది కొత్త ఐడియా ఏం కాదు. 1963లో వచ్చిన మెర్సిడెస్ 230 ఎస్‌ఎల్‌కి ఇలాంటి తీసిపెట్టే టాప్ ఉండేది. నడుమ కాస్త లోపలికి వంగి ఉండేదని దానికి పగోడా అని పేరొచ్చింది. 1989లో వచ్చిన మజ్డా మియాటాకైతే ఇద్దరు మనుషులు ఎత్తి పెట్టేసి, క్లిప్పులు బిగిస్తే అయిపోతుంది. మన దగ్గర అలాంటి స్పోర్ట్స్ కార్లు ఎన్నుంటాయి చెప్పండి? మనకి ఆ సరదా తీర్చింది జీపులే. జిప్సీ 1985లో వచ్చింది, సాఫ్ట్ టాప్, హార్డ్ టాప్ రెండూ అమ్మారు. 2010లో వచ్చిన పాత థార్ క్యాన్వాస్‌తోనే వచ్చేది, జనం బయట టాప్‌లు వేయించుకున్నారు. 2020 అక్టోబర్ 2న వచ్చిన కొత్త థార్‌కి కంపెనీ హార్డ్ టాపే దొరుకుతోంది.

సరే, పనిలోకి వద్దాం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఏరియా తెలుసుగా, అక్కడ ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారు. నేను బాబాయ్ అనే పిలుస్తా. రేకు వద్దురా, ఫైబర్ తీసుకో అన్నారు. రేకు ఎండకి పెనంలా కాలుద్ది, వానకి డప్పులా మోగుద్ది. ఫైబర్ తేలిక, తుప్పు పట్టదు. కాకపోతే మొండిగా బిగిస్తే పగులుద్ది. ఈ చివరి మాట నేను సరిగ్గా వినలేదు.

ఇంకోటి, ఇది చాలామంది లెక్కలోకి రాదు. మా బండికి ఉన్నవి సగం తలుపులు, పైన క్యాన్వాస్ కిటికీలు. హార్డ్ టాప్ వేస్తే అద్దాలున్న ఫుల్ డోర్లు కావాలి. టాప్‌కి అయిన ఖర్చుకి దగ్గర దగ్గరగా డోర్లకీ అయింది. బేరం ఆడేటప్పుడు రెండూ కలిపి ఆడండి.

క్యాన్వాస్, దాని కింద కమ్మీలు తీసేశాం. బాడీ అంచు అంతా తుడిచి, తుప్పున్న చోట గీకి, ప్రైమర్ కొట్టాం. రబ్బరు బీడింగ్ వెయ్యకుండా ముందు ఉత్తి టాప్ కూర్చోబెట్టి చూడాలి. నలుగురు పట్టుకుంటే చాలు. విండ్‌షీల్డ్ ఫ్రేమ్ దగ్గర సందు రెండు వైపులా సమానంగా ఉందా, వెనక బోల్టు హోల్స్ ఎదురెదురుగా వచ్చాయా, అది చూడాలి. తర్వాత బీడింగ్.

బోల్టులు అన్నీ వేళ్లతోనే రెండేసి చుట్లు తిప్పి వదిలెయ్యాలి. అన్నీ పట్టాక అప్పుడు అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించాలి. నేనేం చేశా? బాబాయ్ టీకి వెళ్లినప్పుడు హుషారుగా ముందువైపువి ఫుల్ టైట్ చేసేశా. వెనక హోల్స్ అర అంగుళం పక్కకి పోయాయి. లాగి బిగించబోతే టక్‌మని శబ్దం. మూలన వెంట్రుక మందం పగులు. బాబాయ్ వచ్చి చూసి, "ఇది లారీ కాదు నాయనా" అని, మళ్లీ రెజిన్, మ్యాట్ వేసి అతికించారు. బోల్టు కింద పెద్ద వాషర్, దాని కింద రబ్బరు వాషర్ కూడా అప్పుడే వేయించారు.

తర్వాత నీళ్ల పరీక్ష. పైపుతో పది నిమిషాలు కొట్టాం, చుక్క రాలేదు. ఇంటికి తెచ్చా. మూడో రోజు వానలో సరిగ్గా నాన్న కూర్చునే ఎడమ సీటు మీద చుక్కలు! ఆయన నవ్వి, "ఎంత ఖర్చు పెట్టినా నా భుజం కనుక్కుందిరా" అన్నాడు. కారణం ఏంటంటే, బీడింగ్ రెండు ముక్కలుగా వేసి, అతుకు విండ్‌షీల్డ్ మూలన పెట్టాం. బండి నడిచేటప్పుడు గాలి నీళ్లని తోసేది అక్కడికే. నిలబెట్టి పైపు కొడితే ఆ తోపు తెలీదు. ఒకే ముక్క వేసి, అతుకు వెనక కిందికి మార్చాక ఆగింది. డోర్ల దగ్గర ఇంకో చిట్కా: ఒక కాగితం ముక్క పెట్టి డోర్ వెయ్యండి. లాగితే బిగువుగా రావాలి. ఊరికే జారొచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే.

ఇక పేపర్లు. బోర్ కొట్టిందని స్కిప్ చెయ్యకండి, అసలు దెబ్బ ఇక్కడే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా ఇదే చెప్పింది. పట్టుబడితే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది. మా నాన్న రిటైర్డ్ గుమాస్తా. ఆర్టీఓ ఆఫీసు నుంచి కాగితం రాకుండా బోల్టు ముట్టుకోనివ్వలేదు. నాకప్పుడు చిరాకేసింది. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లకి అదే కాగితం చూపించి పాలసీలో రాయించా. క్లెయిమ్ రోజున బాడీ టైప్ తేడా ఉందంటే ఏం చేస్తారు?

ఒక్క మాట సీరియస్‌గా వినండి. గట్టి టాప్ ఉంది కదాని బండి బోల్తా పడితే కాపాడుద్ది అనుకోవద్దు. ఫైబర్ వానని ఆపుద్ది అంతే. లోపల రోల్ బార్ ఉండాల్సిందే, సీటు బెల్టు పెట్టుకోవాల్సిందే. పైన బరువు పెరిగింది కాబట్టి మలుపుల్లో నేను ఇదివరకటి కంటే నిదానంగా పోతున్నా.

మొన్న సంక్రాంతికి డయాలసిస్ లేని రోజు చూసి, నాన్నే అడిగాడు, "టాప్ తీస్తావా?" అని. మా పిన్ని కొడుకులు ముగ్గురు, నేను, ముప్పావు గంటలో తీసేశాం. వరండాలో నాలుగు పాత టైర్ల మీద పెట్టాం, బరువంతా ఒకే మూల మీద పడితే వంకర పోద్ది కాబట్టి. కాలువ గట్టు మీద గంటసేపు తిరిగాం. ఎండ ఎక్కువగా ఉంది, టోపీ పెట్టుకోమంటే వినలేదు. ఎదురొచ్చిన చెరకు ట్రాక్టర్ వాళ్లందరికీ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

తెల్లారి మళ్లీ ఆసుపత్రి. అందుకని ఆ రాత్రే లైటు పెట్టుకుని బిగించాం. ఈసారి బోల్టులన్నీ వేళ్లతోనే మొదలుపెట్టా. నాన్న కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని లెక్కపెట్టాడు. ఒకటి తక్కువొచ్చింది, వాషర్‌తో సహా టైరు కింద దొరికింది.

ఉంటా ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో డోర్ అద్దాలు గలగలమనకుండా ఏం చేశామో చూపిస్తా.