వాన పడితే మోటరు ఆగాలి

(సంఘం మండల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం ఆటో స్టార్టర్లు, వాన సెన్సార్లు. ముందుగా ఆటో స్టార్టరు మన బోర్ల దగ్గరికి ఎందుకొచ్చిందో చెప్పుకోవాలి. సోమరితనంతో రైతు దాన్ని పెట్టుకోలేదు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని రోజులు మనం చూశాం. రాత్రి పూట విడతలు విడతలుగా ఇస్తే, చీకట్లో బోరు దగ్గరికి పోయి పాము కరిచి కొందరు, షాక్ కొట్టి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ చావు తప్పించుకోవడానికే రైతు ఆటో స్టార్టరు బిగించుకున్నాడు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసెయ్యమని అధికారులు చెప్పారు. వాళ్ళు చెప్పిన దాంట్లో నిజం లేకపోలేదు. మోటరు రాత్రింబవళ్ళు ఆడితే బోరు అడుగంటుతుంది. మన నల్లగొండ వైపు కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటాయి. ఒకరి బోరు ఎక్కువ గుంజితే పక్కవాళ్ళ బోరు ఎండుతుంది. కానీ ఆటో స్టార్టరు తీసేస్తే రైతు మళ్ళీ రాత్రి నడవాల్సిందే. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. దాని గురించే నా మాట.

ఆటో స్టార్టరుకు తెలిసింది ఒక్కటే. కరెంటు వచ్చిందా, మోటరు ఆన్ చెయ్యి. పైన వాన దంచి కొడుతోందా, మడి నిండి గట్టు మీది నుంచి పారుతోందా, దానికి తెలియదు. టైమరు పెట్టి నడిపే డ్రిప్పుకు కూడా అంతే. ఆ తెలియని సంగతి చెప్పేదే వాన సెన్సారు.

అది ఎట్లా పనిచేస్తుంది? ఒక రకంలో చిన్న డబ్బాలో బిళ్ళలు ఉంటాయి. వాన నీరు పీల్చుకొని అవి ఉబ్బుతాయి, ఉబ్బి స్విచ్చిని నొక్కుతాయి, నీళ్ళు ఆగిపోతాయి. ఎండ కాసి బిళ్ళలు ఆరితే మళ్ళీ మొదలవుతాయి. ఇంకో రకంలో చిన్న గరిటె లాంటిది నిండినప్పుడల్లా ఒరిగి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో లెక్క పెడుతుంది. ఎంత వాన పడితే ఆపాలో మనమే పెట్టుకోవచ్చు. మామూలుగా 3 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

ఇది కొత్త వింత కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1991 మే నుంచి కొత్తగా పెట్టే ఆటోమేటిక్ నీటి వ్యవస్థలకు వాన పడితే ఆపే పరికరం ఉండాలని చట్టమే చేశారు. అక్కడ ఇళ్ళ ముందు పచ్చగడ్డికి కూడా ఆ నియమం ఉంది. మనం నీళ్ళు పెట్టేది బతుకు పంటకు.

లెక్క చూద్దాం. బత్తాయి చెట్టు పాదు 4 మీటర్ల వెడల్పు అనుకోండి. 20 మిల్లీమీటర్ల వాన పడితే ఆ పాదులో దగ్గర దగ్గర 250 లీటర్లు పడ్డట్టు. డ్రిప్పులో చెట్టుకు రోజుకు 100 లీటర్లు ఇస్తున్నామనుకుంటే, రెండు రోజుల తడి పైనుంచి ఉచితంగా వచ్చింది. 400 చెట్ల తోటలో రెండు రోజులు మోటరు ఆపితే 80,000 లీటర్లు బోరులోనే మిగులుతాయి. ఎండాకాలంలో మనకు కావలసినవి ఆ నీళ్ళే.

ఆపకపోతే పోయేది నీళ్ళు ఒక్కటే కాదు. పాదులో నీళ్ళు నిలిస్తే బత్తాయికి వేరుకుళ్ళు వస్తుంది, మొదలు దగ్గర బంక కారుతుంది. వేసిన యూరియా వేరుకు అందకుండా లోపలికి దిగిపోతుంది. చెట్టు పచ్చబడితే ఎరువు తక్కువైందని మళ్ళీ ఎరువు కొంటాం.

“వాన పడితే మేమే పోయి బంద్ చేస్తాం, సెన్సారు ఎందుకు?” అని కొందరు అడుగుతున్నారు. ఆ పోవడమే ప్రమాదం. అర్ధరాత్రి ఉరుములు, మెరుపులు, తడిసిన డబ్బా, తడి చేతులు. ఆటో స్టార్టరు పెట్టుకున్నది ఏ చావును తప్పించుకోవడానికో, వాన రాత్రి మోటరు బంద్ చేయడానికి పోతే అదే చావుకు ఎదురు పోయినట్టు. నీటి పొదుపు కన్నా ముందు నేను ఈ మాటే చెబుతాను.

బిగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. సెన్సారు తీగను త్రీ ఫేజు లైనుకు నేరుగా కలపొద్దు. మధ్యలో రిలే పెట్టి, స్టార్టరు కాయిల్‌కు పోయే కరెంటును అది ఆపేటట్టు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి. ఎర్తింగ్ తప్పనిసరి. కరెంటు వాల్వుల డ్రిప్ ఉన్నవాళ్ళు వాల్వులతో పాటు మోటరు కూడా ఆగేటట్టు చూసుకోవాలి. లేకపోతే ప్రెషర్ పెరిగి పైపులు పగులుతాయి. సెన్సారును చెట్టు కింద, రేకుల కింద పెట్టొద్దు. పైన ఆకాశం కనిపించే చోట గుంజకు కట్టాలి. దుమ్ము, సాలెగూళ్ళు అప్పుడప్పుడు తుడవాలి. అది చెడిపోయిన రోజు పంట ఎండకుండా, సెన్సారును పక్కన పెట్టి మోటరు నడిపే స్విచ్చి కూడా ఉండాలి.

సెన్సారుకు వాన తెలుస్తుంది గాని నేల తెలియదు. చల్క నేల తొందరగా ఆరుతుంది, నల్లరేగడి తేమ పట్టి ఉంచుతుంది. అందుకని జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో పిసికి చూడటం మానొద్దు. ముద్ద అయితే ఇంకా తడి ఉన్నట్టు, పొడిగా రాలితే నీళ్ళు కావాలన్నట్టు.

ఒక్కరు పెట్టుకుంటే సరిపోదు. నేను ఆపిన నీళ్ళు పక్క బోరు గుంజుకుంటే నాకేం లాభం? కాబట్టి ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులంతా కూర్చొని మాట్లాడుకోవాలి. కరెంటు పోయి రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారి మోటర్లను లేపితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుందని మనకు తెలుసు. వాన పడి కరెంటు వచ్చిన రాత్రి మోటర్లు లేవకపోతే ఆ గండం కూడా తప్పుతుంది.

ఇక ప్రభుత్వానికి మన మాట. డ్రిప్ సబ్సిడీలో ప్రతి సెట్టుతో పాటు వాన సెన్సారు, రిలే ఇవ్వాలి. బిగించిన కంపెనీ రిపేరు బాధ్యత తీసుకోవాలి. ఐటీఐ చదివిన ఊరి పిల్లలకు ఈ పని నేర్పాలి. ఈ సెన్సారును సాకుగా చూపి బోర్లకు మీటర్లు పెడతామంటే మాత్రం ఒప్పుకునేది లేదు. ఉచిత కరెంటు రైతు హక్కు. దాన్ని కాపాడుకోవాలంటే, వానలో మోటర్లు ఆడుతున్నాయని మనల్ని వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వొద్దు.

ఈ వానకాలంలోపే ప్రతి గ్రామ కమిటీ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌నైనా ఎంచుకోవాలి. దాని కింద ఎన్ని మోటర్లు, ఎన్ని ఆటో స్టార్టర్లు ఉన్నాయో రాసి వచ్చే నెల సమావేశానికి తీసుకురావాలి. ఆ పట్టిక పట్టుకొనే అధికారుల దగ్గరికి పోదాం. సెలవు.